విశ్వవిద్యాలయములో బాలే చదువు

నల్లగొండలో మాకు పరిచయమైన ఒక ఇంట, సాయంకాలపు ప్రాంతీయ వార్తలు ముగిసి రేడియో కట్టివేసిన పిమ్మట, ఆ ఇంటి ఇల్లాలు మమ్మొక ప్రశ్న అడిగినది. "మా పిల్ల ఇంటర్ పరీక్ష రాసింది. ఇంజనీరింగు వద్దంటున్నది. యూనివర్సిటీల బాలే చదువుత అంటున్నది. ఆట నేర్చుకునేటందుకు యూనివర్సిటీ ఎందుకు? అది చదువేనా?" ప్రక్కనే మంచముమీద కూర్చున్న తాతగారు "గజ్జె కట్టనీకి పట్టా ఎందుకు బిడ్డా" అని నవ్విరి. పిల్ల నవ్వలేదు.

ఆనాడు మేము తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసియున్నవి. బాలే అనగా ఏమి? విశ్వవిద్యాలయమున దానిని నేర్పుదురా? నేర్పినచో, అక్కడ గురువు ఇంట లభింపనిది ఏమి లభించును? అటువంటి ప్రశ్న మరికొన్ని ఇండ్లలోను వినబడుచుండును గనుక తీరికగా ఇక్కడ వ్రాయుచున్నాము.

నృత్యమును గూర్చి రేడియో పత్రికలో వ్రాయుట కొంత వింతయే. రేడియోలో పాట వినబడును, మాట వినబడును, ఆట కనబడదు. వినబడునది గజ్జెల చప్పుడొక్కటే. ఆ గజ్జెల చప్పుడు సంగతి మరల వచ్చును.

మొదట మాట సంగతి. బాలే అనునది ఫ్రెంచి మాట. దాని మూలము ఇటలీ భాషలో నాట్యమను అర్థము గల పదము. ఇటలీ రాజాస్థానముల వేడుకలు వివాహసంబంధముల మూలమున ఫ్రాన్సుకు చేరి, 1581లో పారిస్ నగరమున రాణిగారి బాలే అను పేరుతో గంటల కొలది సాగిన ఒక గొప్ప ప్రదర్శనగా రూపొందినవి. అందులో పాట, పద్యము, ఆట, యంత్రములతో కదలు రంగాలంకరణ అన్నియు ఉండెను. ఆడినవారు వృత్తి నర్తకులు కారు, ఆస్థానములోని దొరలు, దొరసానులు. పదునాలుగవ లూయీ తానే నర్తకుడు. అతడు 1661లో నాట్యమునకు ఒక రాజకీయ విద్యాపీఠమును నెలకొల్పెను. బోషాఁ అను నాట్యాచార్యుడు పాదముల నిలుకడలను ఐదింటిగా క్రోడీకరించెను. ఈనాడు టోక్యోలో నేర్చినను, లండనులో నేర్చినను, బాలే విద్యార్థి మొదటి దినమున నేర్చునది ఆ ఐదు నిలుకడలనే. మన పిల్లలు అడవులు నేర్చుటకు ముందు అరమండిలో నిలుచుట వంటిదే ఇది.

ఆ అరమండి దగ్గర ఒక క్షణము ఆగవలెను. మోకాళ్ళు ప్రక్కలకు తెరచి సగము కూర్చున్నట్లు నిలుచుట మన నాట్యమున ఉన్నట్లే బాలేలోను ఉన్నది. రెండింటను కాలు తొడయెముక మూలమునుండి వెలుపలికి తిరుగవలెను. తొడ తిరుగకుండ పాదమును మాత్రము బలవంతముగా త్రిప్పినచో ఆ భారమంతయు మోకాలిమీద పడును. ఇక్కడివరకు రెండు విద్యలును అక్కచెల్లెండ్రే. అటుపై దారులు చీలును. బాలే నర్తకి నేలను విడిచి పోవ యత్నించును. మడమ లేచును, దేహము నిడుపగును, 1832లో మారీ తాల్యోనీ ఆడిన నాటినుండి వేలికొనలమీద నిలుచుటయే ఆ విద్యకు గుర్తయినది. ఆ పాదరక్ష కొన లోహము కాదు, కొయ్య కాదు. గుడ్డపొరలను జిగురుతో బిగించి గట్టిపరచినది. మన నర్తకి నేలను విడువదు. పాదమంతయు ఆనించి తట్టును, ఆ తట్టుటలోనే తాళము పలుకును. కూచిపూడి తరంగములో ఇత్తడి పళ్ళెము అంచుమీద నిలిచినను, ఆ పళ్ళెము నేలమీదనే జరుగును.

ఇక ఈ మాట మన వాడుకలోనికి వచ్చిన తీరు. రష్యా నర్తకి అన్నా పావ్లోవా 1922లో భారతదేశమునకు వచ్చెను. మన దేవాలయములను, చిత్రములను చూచి ముచ్చటపడి, ఈ దేశపు కథలను రంగస్థలముమీదికి తేవలెనని తలచెను. లండనులో చిత్రలేఖనము చదువుచుండిన ఉదయశంకరు ఆమెకు తోడుపడి, రాధాకృష్ణుల కథను ఒక నృత్యరూపకముగా కూర్చి, 1923లో ఆమెతో కలిసి తానే కృష్ణుడై ఆడెను. అతడు శాస్త్రోక్తముగా ఏ గురువునొద్దను నాట్యము నేర్చినవాడు కాడు. చిత్రకారుని కంటితో దేహములను రంగముమీద అమర్చెను. తరువాత అల్మోరాలో కేంద్రము పెట్టెను, 1948లో 'కల్పన' అను చలనచిత్రము తీసెను. ఆ కేంద్రమున పనిచేసిన శాంతి బర్ధన్ 1952లో బొంబాయిలో లిటిల్ బాలే ట్రూప్ స్థాపించి, నర్తకులు కొయ్యబొమ్మల వలె కదలునట్లు రామాయణమును కూర్చెను. అది మొదలు మన దేశమున బాలే అనగా పాశ్చాత్యుల వేలికొనల ఆట అను అర్థము కంటె, అనేకులు కలిసి మాటలు తక్కువగా, దేహముతోనే కథ చెప్పు ప్రదర్శన అను అర్థమే ఎక్కువగా వ్యాపించినది.

తెలుగునాట ఆ అర్థము మరింత స్థిరపడినది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడెమీని స్థాపించి, క్షీరసాగర మథనము, హరవిలాసము, చండాలిక మొదలైన నృత్యనాటికలను కూర్చిరి. ఎస్.వి. భుజంగరాయశర్మగారు రచన, పట్రాయని సంగీతరావుగారు సంగీతము సమకూర్చిన ఆ నాటికలను జనులు చనువుగా బాలేలనియే పిలిచిరి. గోడపత్రములలోను అట్లే వ్రాసిరి. కనుక నల్లగొండ పిల్ల "బాలే చదువుత" అన్నప్పుడు ఆమె మనసులో హంససరస్సు ఉన్నదా, క్షీరసాగర మథనము ఉన్నదా అని ముందుగా అడుగవలెను. మేము అడిగితిమి. రెండవదేనని తేలినది. ఇల్లాలికి కొంత ఊరట కలిగినది.

ఒకవేళ మొదటిదే అయియుండినచో మేము వెనుదీయవలసియుండెడిది. పాశ్చాత్య బాలేను విశ్వవిద్యాలయమున చేరిన పిమ్మట ఆరంభించుట సాధారణముగా పొసగదు. 1738లో పుట్టిన పీటర్సుబర్గు పాఠశాల, నేడు వగానోవా పేరుతో పిలువబడునది, పిల్లలను పదియేండ్ల ప్రాయమున తీసికొని ఎనిమిదేండ్లు తీర్చును. ఎముకలు ముదరకమునుపే తొడ కీలును అలవరచవలెను గనుక ఆ తొందర. పదునెనిమిదేండ్లకు అక్కడి పిల్లలు వృత్తిలోనికి పోవుదురు. మన పిల్లలకు అది కాలేజీలో చేరు వయసు.

మరి విశ్వవిద్యాలయములలోనికి నాట్యము ఎట్లు ప్రవేశించినది? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున 1926లో నాట్యములో పట్టా చదువు ఆరంభమైనది. దానికి కారకురాలైన మార్గరెట్ డబ్లర్ నర్తకి కాదు. జీవశాస్త్రము చదివి, వ్యాయామము నేర్పుచుండిన ఉపాధ్యాయిని. ఆమె మొదటి పాఠమున విద్యార్థులను నేలపై పడుకొనుమని చెప్పి, నిలుచు భారము లేనప్పుడు ఏ కీలు ఎటు కదలునో వారినే పరిశీలింపుమనెడిది. తాతగారికి ఈ సంగతి చెప్పగా "పండుకొని ఆడుడా?" అని ఆశ్చర్యపడిరి. కాని విశ్వవిద్యాలయము నాట్యమునకు చేర్చినది ఇదియే: చేయుటతో పాటు, చేయునది ఏమో తెలిసికొనుట. బాలేకు ప్రత్యేకముగా స్థానము తరువాతనే వచ్చినది. విల్లమ్ క్రిస్టెన్సెన్ 1951లో యూటా విశ్వవిద్యాలయమున బాలే బోధన ఆరంభించెను.

మన దేశమున 1949లో విశ్వవిద్యాలయమైన బరోడా నాట్యమునకు పట్టా ఇచ్చుటలో ముందు నడిచినది. మన వైపు హైదరాబాదులో 1985లో తెలుగు విశ్వవిద్యాలయము ఏర్పడినది. అందు కూచిపూడి, ఆంధ్రనాట్యములతో పాటు పేరిణియు, జానపద కళలును చోటు పొందినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1988లో సరోజినీ నాయుడు పేరిట కళల పాఠశాల వెలసినది. అక్కడి నాట్యశాఖలో కూచిపూడి, భరతనాట్యములలో స్నాతకోత్తర విద్య కలదు. తెలుగు విశ్వవిద్యాలయమునకు తెలంగాణ ప్రభుత్వము 2025లో సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినది. ఆయన పాలమూరు సీమవారు, ఆలంపురము ప్రాంతమున ఇటికాలపాడు వారి ఊరు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆటపాటలనే ఎక్కువ ఓపికతో వెదకిన రచయిత పేరు నాట్యము నేర్పు విశ్వవిద్యాలయమునకు అమరుట మాకు సంతోషము కలిగించినది.

అచట ఏమి చదువుదురు? ఉదయము సాధన, అది గురువు ఇంట వలెనే. తరువాత తాళము, సంగీతము, నాట్యశాస్త్రము, అభినయదర్పణము, నాట్యచరిత్ర, నృత్యరచన. నృత్యమును వ్రాతలో పెట్టుట కూడ ఒక విద్య. రుడాల్ఫ్ లాబన్ 1928లో ప్రకటించిన లిపిలో నిలువు గీతలు గీసి, క్రిందినుండి పైకి చదువుదురు. నడుమగీతకు కుడివైపున కుడి కాలు, ఎడమవైపున ఎడమ కాలు, గుర్తు పొడవును బట్టి కాలము తెలియును. మన సంగీతమునకు స్వరము వ్రాయు అలవాటు ఉన్నది కాని, మన ఆట మాత్రము గురువు దేహమునుండి శిష్యుని దేహమునకే చేరుచు వచ్చినది. గురువు పోయిన నాడు వ్రాయనిది పోవును. ఈ నష్టము ఊహించి చెప్పుచున్నది కాదు. దానికి నల్లగొండ జిల్లాయే సాక్షి.

సూర్యాపేటకు దగ్గరలో పిల్లలమఱ్ఱి ఉన్నది. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. రేచర్ల రెడ్డి వంశమువారు గణపతిదేవుని కాలమున అక్కడ ఆలయములు కట్టించిరి. నామేశ్వరాలయము 1202 నాటిది, ఎరకేశ్వరాలయము 1208 నాటిది. అదే వంశపు రుద్రుడు 1213లో పాలంపేట రామప్పగుడి కట్టించెను. 2021లో రామప్ప ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరినది. పిల్లలమఱ్ఱికి అంతటి ప్రసిద్ధి లేదు. అయినను మా ఉద్దేశమున నాట్యవిద్యార్థి ముందుగా చూడవలసినది అదియే, ఏలయన అక్కడ గుంపు తక్కువ, నిలిచి చూచుటకు తీరిక ఎక్కువ. నల్లనిరాతి స్తంభములపై నర్తకులు, వాద్యకాండ్రు చెక్కబడియున్నారు. నామేశ్వరాలయమున పాలసముద్రము చిలుకు కథ రంగులలో చిత్రింపబడి, చాలవరకు మాసి, కొంత నిలిచియున్నది. ఒకవైపు దేవతలు, ఒకవైపు దానవులు, నడుమ కొండ, చుట్టిన పాము. అనేక దేహములు ఒకే త్రాడు లాగుచున్న ఆ వరుసను చూచినవారికి నృత్యనాటిక అనగా ఏమో మరల చెప్పనక్కర లేదు. ఏడువందల యేండ్లకు పైగా గడచిన తరువాత చినసత్యంగారు మద్రాసులో రంగముమీదికి తెచ్చినది ఈ కథనే.

నల్లగొండను ఆనుకొనియే పానగల్లు ఉన్నది. కందూరు చోడుల ముఖ్యపట్టణము. పచ్చల సోమేశ్వరాలయపు స్తంభములపై శివలీలలు, భారత రామాయణ కథలు కలవు. ఛాయా సోమేశ్వరాలయమునకు జనులు నీడ వింతను చూడ పోవుదురు. పోయినవారు నీడను చూచి మరలుదురు, స్తంభములను చూడరు. కృష్ణ, తుంగభద్రలు కలియు చోటికి చేరువనున్న ఆలంపురమున, వీనికంటె అయిదువందల యేండ్లు ముందుగా, బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మాలయములలోను శివుని నాట్యభంగిమ ఉన్నది. ఈ మెట్టనేలలో రాళ్ళకు కొదువ లేదు, రాతిలో ఆటకును కొదువ లేదు.

శిల్పము చెక్కిన నలుబది యేబది సంవత్సరములకు గ్రంథము వచ్చినది. గణపతిదేవుని గజసాహిణి, అతనికి బావమరదియు అయిన జాయపసేనాని 1253-54 ప్రాంతమున 'నృత్తరత్నావళి'ని సంస్కృతమున రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు భరతుని మార్గమును చెప్పును. తక్కిన నాలుగు దేశి నృత్యమునకు, అనగా జనులు ఆడుచుండిన వాటికి కేటాయింపబడినవి. సంస్కృత గ్రంథము వ్రాయు సేనాని సగము పుస్తకమును ఊరివారి ఆటలకు ఇచ్చుట మాకు ఎప్పుడును ఆశ్చర్యమే. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము, కందుకము, కోలాటము, చిందు అని ఒక్కొక్కదాని పేరు పెట్టి చెప్పినాడు. ఈ గ్రంథమును వి. రాఘవన్ గారు పరిష్కరింపగా 1965లో మద్రాసున అచ్చయినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెలుగు చేసిరి.

అంతవరకు పేరణి అనునది పేరుగా మిగిలినదే కాని ఆడువారు లేరు. నటరాజ రామకృష్ణగారు (1923-2011) గ్రంథమును, రామప్ప శిల్పములను ఎదురెదురుగా ఉంచుకొని, దానిని పేరిణి శివతాండవముగా పునర్నిర్మించిరి. పురుషులు, డమరువు, శంఖము, భేరీనాదము, వీరావేశము: ఈనాడు తెలంగాణమున పెద్ద సభలలో దానిని చూడని వారు అరుదు. విశ్వవిద్యాలయమున అది పాఠ్యాంశమైనది.

ఇక్కడనే చదువు ఆరంభమగునని మా అభిప్రాయము. సంగీతనృత్య గ్రంథములలో పేరణిని చదివినచో కనబడు నర్తకుడు కొంత వేరు. దేహమునిండ విభూతి వంటి తెల్లని పూత, గొరిగిన తల, చిన్న శిఖ, పిక్కలకు గజ్జెలు. అతని ఆటకు ఐదు అంగములు: ఘర్ఘరము, విషమము, భావాశ్రయము, కవిచారము, గీతము. విషమమనగా కుప్పించి ఎగురు కరణములు. భావాశ్రయమున వికృత వేషముల అనుకరణ, నవ్వించుట ఉన్నది. కవిచారమున నాయకుని పొగడ్త ఉన్నది. అనగా ఆ నర్తకుడు వీరుడే కాదు, హాస్యగాడు, గాయకుడు, కుప్పిగంతుల నేర్పరి కూడ. మనము చూచుచున్న పేరిణిలో వీరము నిలిచి, నవ్వు వెనుకకు పోయినది. ఇది తప్పని మేము అనము. నిలిచిపోయిన ఆటను నిలబెట్టినవారికి ఏదో ఒక దారి ఎన్నుకొనక తప్పదు. కాని ఇది ఏడువందల యేండ్లుగా ఎడతెగక వచ్చినదని విద్యార్థికి చెప్పుట మాత్రము న్యాయము కాదు. ఏది శిల్పమునుండి తీసికొన్నది, ఏది గ్రంథమునుండి, ఏది ఆచార్యుని ఊహనుండి అని విడదీసి చూపగల చోటు విశ్వవిద్యాలయమే. గురువు ఇంట ఆ ప్రశ్న అడుగుట మర్యాద కాదు. అక్కడ అడుగకుండుట మర్యాద కాదు.

రాతిని చదువుట సులభమని తోచును. సులభము కాదు. కరణమనగా ఒక భంగిమ కాదు, కాలును చేయియు కలిసి సాగు ఒక కదలిక. శిల్పి అందులోనుండి ఒక్క క్షణమును పట్టినాడు. స్తంభముమీద నర్తకి కాలు ఎత్తియున్నది. అది ఎత్తుచున్న కాలా, దింపుచున్న కాలా? ప్రక్కన మద్దెలకాడు చేయి లేపియున్నాడు. దెబ్బ పడినదా, పడబోవుచున్నదా? ఇద్దరు విద్యార్థులు అదే రాతినుండి రెండు ఆటలు తేగలరు, రెండింటిని సమర్థించుకొనగలరు. అప్పుడు గ్రంథము, తాళము, దేహమునకు గల హద్దు ఈ మూడును సాక్ష్యమునకు రావలెను. ఎముక పోలేని చోటికి కరణము పోదు గదా. డబ్లర్ గారి జీవశాస్త్రము జాయపసేనానికి తోడుపడునది ఇటువంటి చోటనే.

జాయపసేనాని పట్టికలోని చిందు మాటను గూర్చి ఇంకొక సంగతి చెప్పవలెను. తెలంగాణ పల్లెలలో చిందు భాగవతులు తరతరములుగా జాంబపురాణమును, యక్షగానములను రాత్రి తెల్లవార్లు ఆడుచు వచ్చిరి. 1253 నాటి చిందే నేటి చిందని పేరునుబట్టి తీర్మానింపరాదు. పేరు నిలిచి ఆట మారవచ్చును. కాని వీరి ఆట పునర్నిర్మాణము కాదు, తండ్రినుండి కొడుకునకు, తల్లినుండి కూతునకు వచ్చినది. కూచిపూడి భాగవతులలో స్త్రీ వేషమును పురుషులే కట్టిన కాలమున, చిందు మేళములలో స్త్రీలు గజ్జె కట్టి ఆడిరి. నిజామాబాదు సీమ చిందు ఎల్లమ్మ స్త్రీ పాత్రలను, పురుష పాత్రలను గూడ ఆడి పేరు పొందినది. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చినది.

కథ, పాట, ఆట, అనేక పాత్రలు, తెల్లవారువరకు సాగు రంగము కలిసినవి గనుక బాలే అను మాటకు మనము ఇచ్చుకొన్న అర్థమున ఇదియును బాలేయే. అయినను నాట్యశాఖలో కూచిపూడి నేర్చినవారు నర్తకులుగా బయటికి వత్తురు. చిందు మాత్రము జానపద కళల క్రింద పరిశోధనకు విషయముగా వచ్చును. దానిని గూర్చి వ్రాసినవారికి డాక్టరేటు. ఆడినవారి పిల్లలకు అక్కడ ప్రవేశము దొరకవలెనన్న ముందు వేరొక చదువు పట్టా చూపవలెను. పుట్టినది మొదలు పదునైదు యక్షగానములు నోటికి వచ్చిన పిల్లవాడు ఆ తలుపు వెలుపల నిలుచుట, ఎవరి దోషమని వేలెత్తి చూపకపోయినను, మాకు గుచ్చుకొను విషయమే. జాయపసేనాని సగము గ్రంథము ఇచ్చినాడు. పాఠ్యప్రణాళికలో అంతపాటి చోటు ఇచ్చుటకు ఏడువందల డెబ్బది యేండ్లు చాలలేదా?

ఇక ఇంటి సంగతులు. నల్లగొండనుండి గాని, మహబూబునగరునుండి గాని హైదరాబాదు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. నాట్యశాఖలో స్నాతకోత్తర విద్యకు ఏదో ఒక డిగ్రీ, అంతకు పూర్వమే కొన్నియేండ్ల సాధన కావలెను. ప్రవేశమునకు వ్రాత పరీక్షతో పాటు ఆడి చూపించుటయు ఉండును. కనుక ఆట పదియవ యేటనో అంతకు ముందో ఊరిలోని గురువునొద్ద ఆరంభింపవలెను. విశ్వవిద్యాలయము దానిని మొదలుపెట్టదు, ముందుకు తీసికొనిపోవును. ఊరిలో నేర్చు కాలమున తల్లిదండ్రులు కనిపెట్టవలసినవి రెండు. నేల: సిమెంటు, బండరాతి నేలమీద గంటలకొలది పాదము తట్టినచో మోకాలు, పిక్క నొచ్చును. పాశ్చాత్య బాలేకు క్రింద ఖాళీ ఉంచి, అదుముకొని లేచు కొయ్యనేల వేయుదురు. మనకు అది లేనిచో మందమైన చాపయో కంబళియో మేలు. రెండవది మోకాలు: అరమండిలో మోకాలు పాదపు వ్రేళ్ళ వైపునకే చూడవలెను. లోపలికి వాలుచున్నచో పిల్లను తిట్టక, పాదములను కొంచెము దగ్గరకు తిప్పుమని గురువును వేడుకొనవలెను.

జీవనమా? వేదికమీద ఆటతోనే బ్రతుకువారు కొలదిమంది. పాఠశాలలలో నేర్పువారు, నృత్యరచన చేయువారు, పరిశోధకులు అంతకంటె ఎక్కువ. ఈ మాట ముందే చెప్పుట మంచిదని మేము ఆ ఇల్లాలికి చెప్పితిమి. ఆమె "టీచరు ఉద్యోగమైతే నయమే" అని, వెంటనే "అది దొరకాలె గదా" అని తానే అనుకొన్నది. పిల్ల మూడవ తరగతినుండి ఊరిలోనే కూచిపూడి నేర్చుచున్నదట. డిగ్రీ ఇక్కడనే చదివి, తరువాత హైదరాబాదు పరీక్ష వ్రాయుటకు తల్లీకూతుండ్రు ఒడంబడిరి.

తాతగారు మాత్రము ఇంకను ఘర్ఘరము దగ్గరనే ఉండిరి. అది కాలి గజ్జెలను వాద్యముగా వాడు విద్య. పాదము నేలనుండి ఎత్తక, మడమతోను మునివేళ్ళతోను అదుపు చేసి, ఒకసారి ఒక కాలి గజ్జెలను, ఇంకొకసారి రెండింటిని తాళమునకు తగినట్లు పలికించుట. "అది రేడియోల గుడ వినొచ్చు" అని ఆయన అనిరి. నిజమే, పేరణియొక్క ఐదు అంగములలో ఘర్ఘరము, గీతము, కవిచారము మూడును చెవికి అందునవే. పిల్లను గజ్జెలు తెమ్మనిరి. ఆమె చాప పరచి నిలిచి, కుడి కాలి గజ్జెలు మ్రోగక ఎడమ కాలివి మాత్రమే మ్రోగునట్లు యత్నించినది. రెండు మార్లు రెండును మ్రోగినవి. మూడవమారు తాతగారు కన్నులు మూసికొని విని, "కుడిది ఒక్క గజ్జె పలికింది" అనిరి. ఆమె మరల మొదలుపెట్టినది.